గుడ్డ డైపర్లు: చేతికొచ్చాక మంచిదో కాదో ఎలా చూస్తారు?

నిజాంపేట_నవ్య
అందరికీ నమస్కారం. నాకు ఎనిమిదో నెల నడుస్తోంది. బయటికి వెళ్ళినప్పుడు తప్ప ఇంట్లో గుడ్డ డైపర్లే వాడాలనుకుంటున్నాం. అనుకోవడం వరకూ బాగానే ఉంది, కొందామని ఫోన్ తీస్తే తల తిరిగిపోతోంది. రెండొందల నుంచి తొమ్మిదొందల దాకా ఉన్నాయి, ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉన్నాయి, అన్నిటి మీదా ఏనుగులూ పైనాపిళ్ళే. ప్రతి ఒక్కరూ "పన్నెండు గంటలు లీకవదు" అంటారు. మా అత్తయ్యగారేమో ఇవన్నీ దండగ, నా పాత చీరలు బీరువా నిండా ఉన్నాయి కదా అంటున్నారు. మా ఆయన "నీ ఇష్టం" అంటారు, అంటే నన్ను అడక్కు అని.

మా ఫ్లాట్‌లో బోరు నీళ్ళు, బకెట్ అంచున తెల్లగా పేరుకుపోతాయి. ఫ్రంట్ లోడ్ మెషిన్ ఉంది. బాల్కనీలోకి ఎండ పొద్దున పూట మాత్రమే వస్తుంది. ఏ బ్రాండ్ మంచిదని అడగట్లేదు, ఆ గొడవ ఇక్కడ ఎలాగూ మొదలవుతుంది. ఒక పీసు చేతికొచ్చాక దేన్ని చూసి ఇది ఉంచుకోవచ్చు, ఇది వెనక్కి పంపాలి అని తేల్చుకుంటారు? ఎన్ని కొనాలి?

గోదారి_గట్టు
ముందు మీ అత్తయ్యగారి బీరువా తెరిపించండి :) వేళాకోళం కాదు. మొదటి నెలా నెలన్నర ఆ ఫ్రీ సైజ్ డైపర్ల జోలికి వెళ్ళొద్దు. వాటి మీద ఐదు కిలోల నుంచి అని రాసి ఉంటుంది, మన పిల్లలు పుట్టడమే రెండున్నర, మూడు కిలోలు. బటన్లన్నీ బిగించినా తొడ దగ్గర వేళ్ళు పట్టేంత సందు మిగిలిపోతుంది, కారేది అక్కడి నుంచే, తిట్టేది డైపర్ని. న్యూబోర్న్ సైజు విడిగా దొరుకుతుంది కానీ మూడు నెలలు తిరక్కుండానే పట్టకుండా పోతుంది.

కొత్తలో రోజుకి పది పన్నెండు సార్లు మార్చాలి, అన్నిసార్లూ కాస్త కాస్తే. దానికి మల్లు పంచె ముక్క చాలు. పాత పంచె గానీ నూలు చీర గానీ చదరంగా చింపి, త్రికోణం మడత వేసి, మధ్యలో ఇంకో మడత ముక్క పెట్టి కట్టేయడమే. అయితే చీర నూలుదేనా అని చూసుకోండి. ఒక చుక్క నీళ్ళు వేస్తే వెంటనే ఇంకిపోవాలి, చుక్క చుక్కలాగే నిలబడితే అందులో పాలిస్టర్ కలిసిందన్నమాట, పక్కన పడేయండి. జరీ అంచు, గట్టి అంచు కత్తిరించేయాలి, తొడ ఒరుసుకుపోతుంది. మా అమ్మ పిన్నీసులు పెడతానంది, నేను ఒప్పుకోలేదు, నాడాలు కుట్టించాం. నాడా బొడ్డు మీదకి రాకుండా కిందికి కట్టాలి, బొడ్డు ఊడేదాకా అది గాలికి ఆరాలి కదా.

రెండో_కాన్పు
పై పోస్టుకి నా ఓటు. పెద్దాడికి మొదటి నెలలోనే పాకెట్ డైపర్లు (లోపల జేబులో పీల్చే గుడ్డ దూర్చేవి) తొడిగి రోజూ ఏడ్చేవాళ్ళం. చిన్నదానికి పంచె ముక్కలే.

కరీంనగర్_కోడలు
మా దగ్గర ఇప్పటికీ పురుడు అయ్యేదాక పాత బట్టలే. కొత్త బట్ట గంజితో గట్టిగ ఉంటది, పాతది వందసార్లు ఉతికింది కాబట్టి మెత్తగ ఉంటది, అందుకే పెద్దోళ్ళు అట్ల పెట్టిన్రు. కానీ ఒక్కటి, రాత్రిపూట ఒక్క ముక్క కడితే పక్క బట్టలన్నీ తడుస్తయి, కింద రబ్బరు షీటు, దాని మీద బొంత తప్పనిసరి.

కుట్టుమిషన్_కల్పన
నవ్య గారూ, మీ అసలు ప్రశ్నకి నేను చెబుతాను. విజయవాడలో పిల్లల బట్టలు కుడుతుంటాను, గుడ్డ డైపర్లు కూడా కుట్టి ఇచ్చాను, కాబట్టి బయట కొన్నవి కూడా విప్పి చూడటం అలవాటైపోయింది.

ఇందులో రెండు భాగాలు. పైన తడి బయటికి రాకుండా ఆపే కవరు, లోపల పీల్చే ఇన్సర్టు. అందరూ కవరు మీద బొమ్మ చూసి కొంటారు, పని చేసేది ఇన్సర్టు. కవరు సంగతి ముందు చెప్పేస్తాను. దాన్ని పీయూఎల్ అంటారు, పాలిస్టర్ బట్టకి లోపలి వైపున పల్చటి పాలీయురేతేన్ పొర అతికించి ఉంటుంది. మంచిదైతే చేత్తో నలిపినప్పుడు ప్లాస్టిక్ కవరు చప్పుడు రాదు, కొంచెం లాగి వదిలితే మళ్ళీ యథాస్థితికి వస్తుంది, లోపలి పొర మీద ముడతలూ బుడగలూ కనపడవు. ప్యాకెట్ విప్పగానే ముక్కు మూసుకునేంత రసాయనం వాసన వస్తే నేనైతే అక్కడే మానేస్తాను.

తర్వాత కుట్టు. సూది దిగిన ప్రతిచోటా ఆ పొరకి చిల్లు పడుతుంది. అందుకని కాళ్ళ మధ్య భాగంలో, అంటే తడి నిలిచేచోట, పై నుంచి కిందికి దాటిన కుట్టు ఉండకూడదు. చవక వాటిలో అందం కోసమో ట్యాగు కోసమో సరిగ్గా అక్కడే కుట్టేస్తారు. డైపర్‌ని నిలువుగా సగానికి మడవండి, రెండు కాళ్ళ ఎలాస్టిక్‌లూ ఒకే పొడవుండాలి, ఒకటి వదులు ఒకటి బిగువు ఉంటే ఆ వదులు వైపే కారుతుంది. ఎలాస్టిక్ మీద నేరుగా కుట్టకుండా గుడ్డ గొట్టంలోకి ఎక్కించి ఉంటే తొడ మీద అచ్చు పడదు. రెండు వరసల ఎలాస్టిక్ ఉంటే పలచగా అయ్యే మోషన్‌కి అడ్డు ఉంటుంది, పాలు తాగే వయసులో అది చాలా అవసరం.

ప్రెస్ బటన్లు పది ఇరవై సార్లు పెట్టి తీసి చూడండి. బటన్ చుట్టూ గుడ్డ సాగి కన్నం పెద్దదవుతుంటే వెనకాల ఇంకో ముక్క వేసి గట్టిచేయలేదన్నమాట. వెల్క్రో కొత్తలో చక్కగా సరిపోతుంది, తొడగడమూ సులువే, కానీ ఉతికే కొద్దీ నూలుపోగులు పట్టి పట్టు తప్పుతుంది, పైగా ఏడాది వయసొచ్చేసరికి పిల్లలే చర్రున పీకేస్తారు. నా ఓటు బటన్లకే. పాకెట్ రకమైతే మీ చెయ్యి లోపలికి సులువుగా దూరుతోందా చూసుకోండి, రోజూ ఇన్సర్టు పెట్టి తీసేది మీరేగా.

నాన్న_నైట్_డ్యూటీ
మా ఇంట్లో డైపర్ల శాఖ నాది. ఇన్సర్టు ఎంత పీలుస్తుందో తెలుసుకోవడానికి ప్రకటన చదవక్కర్లేదు, వంటింట్లో డిజిటల్ కాటా ఉంటే చాలు. పొడిగా తూచి రాసుకోండి. నీళ్ళలో ముంచి, పైకెత్తి, ధారగా కారడం ఆగాక మళ్ళీ తూచండి. తేడా ఎన్ని గ్రాములో అన్ని మిల్లీలీటర్లు అది పడుతుందన్నమాట. నేను ఇంట్లో ఉన్నవన్నీ ఇలా తూచాను (మా ఆవిడ నవ్విందిలెండి). ఒక మూడు పొరల ఇన్సర్టు వంద కూడా దాటలేదు, ఇంకో నూలుది రెండొందల పైన పట్టింది. రెండూ పైకి ఒకే మందంగా కనపడ్డాయి!

ఇక్కడితో ఆపకండి. తడి ఇన్సర్టుని పళ్ళెంలో పెట్టి దాని మీద కిలో కందిపప్పు ప్యాకెట్ పెట్టండి. మైక్రోఫైబర్ (సన్నటి పాలిస్టర్ పోగుల బట్ట) అయితే పీల్చినదంతా పళ్ళెంలోకి వదిలేస్తుంది. పిల్ల కూర్చున్నా, ఎత్తుకున్నా, కారు సీట్లో బెల్టు పెట్టినా జరిగేది ఇదే. అందుకే పడుకున్నప్పుడు బాగున్న డైపర్ ఆరేడు నెలల్లో కూర్చోవడం మొదలెట్టగానే "లీకవుతోంది" అంటారు. నూలు ఇన్సర్టు అంత తేలిగ్గా వదలదు.

ఇంకో మాట, కొత్త నూలు ఇన్సర్టుని విప్పిన రోజే తూచి తిట్టకండి. పత్తికి ఉండే సహజమైన జిడ్డు పోవాలి, నాలుగైదు ఉతుకులు అయ్యాకే పూర్తిగా పీలుస్తుంది. చాలామంది రెండో రోజే ఒక్క స్టార్ రివ్యూ రాసేది ఇది తెలియకే.

నిజాంపేట_నవ్య
కాటా ఐడియా అదిరింది. కల్పన గారూ, ప్రింటవుట్ తీసి ఫ్రిజ్ మీద అంటిస్తాను. ఒక డౌట్: మైక్రోఫైబర్, బ్యాంబూ, బ్యాంబూ చార్‌కోల్, హెంప్, ఆర్గానిక్ కాటన్... ఇందులో ఏది? చార్‌కోల్‌కి అన్నిటికన్నా ఎక్కువ రేటుంది, బ్యాక్టీరియా రాదంటున్నారు.

కుట్టుమిషన్_కల్పన
చార్‌కోల్, అంటే వెదురు బొగ్గు అని అమ్మేవాటిలో చాలావాటిని అంచు దగ్గర కుట్టు విప్పి చూస్తే పైన బూడిద రంగు పాలిస్టర్ ఫ్లీస్, లోపల మామూలు మైక్రోఫైబర్ పొరలు. మరక కనపడదు, అంతే లాభం. ఆ రంగుకి ఎక్కువ డబ్బు పెట్టకండి.

మైక్రోఫైబర్ త్వరగా పీలుస్తుంది, త్వరగా ఆరుతుంది, చవక. కానీ దాన్ని నేరుగా ఒంటికి తగలనివ్వకూడదు, చర్మం మీద ఉండాల్సిన తేమ కూడా లాగేసి ఎర్రగా చేస్తుంది, పాకెట్ లోపలే ఉండాలి. నూలు అన్నిటికీ పనికొస్తుంది. బ్యాంబూ అంటే వెదురు గుజ్జు నుంచి రసాయనాలతో తీసిన విస్కోస్, చాలా మెత్తగా ఉంటుంది, ఎక్కువ పడుతుంది, కాకపోతే ఆరడానికి రోజంతా పడుతుంది. హెంప్ అంటే గంజాయి జాతి మొక్క నార, నిదానంగా పీలుస్తుంది కానీ చాలా పట్టి ఉంచుతుంది, రాత్రికి నూలు పైన, హెంప్ కింద వేసుకోవచ్చు. మీకు ఎండ పొద్దున పూటే అన్నారు కాబట్టి నూలే.

ఆర్గానిక్ అని రాసినంత మాత్రాన సరిపోదు, గాట్స్ అనే ఆర్గానిక్ బట్టల సర్టిఫికెట్ ఉంటే దాని మీద లైసెన్సు నంబరు ఉంటుంది, వాళ్ళ సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. ఓకో టెక్స్ అనేది వేరు, అది పత్తి ఎలా పండిందో చెప్పదు, బట్టలో హాని చేసే రసాయనాలు హద్దులో ఉన్నాయా అని పరీక్షిస్తుంది. పిల్లల ఒంటికి తగిలేదానికి నాకైతే రెండోదే ముఖ్యం.

ఫ్లాట్_నంబర్_404
నేను ఎదురు మాట చెబుతాను, కోప్పడకండి. ఇద్దరమూ ఉద్యోగాలు, ఇంట్లో పెద్దవాళ్ళు లేరు, వేసవిలో మా అపార్ట్‌మెంట్‌కి ట్యాంకర్ వస్తే తప్ప నీళ్ళుండవు. ఈ కాటాలూ మడతలూ చూస్తే నవ్వొస్తోంది. డిస్పోజబుల్ వాడితే తల్లి కాదన్నట్టు మాట్లాడటం మానండి. డైపర్ ర్యాష్ మా పాపకి ఒక్కసారి కూడా రాలేదు.

గోదారి_గట్టు
ఇక్కడ ఎవరూ అలా అనలేదండీ. నీళ్ళే లేనప్పుడు గుడ్డ డైపర్ తలనొప్పే, నేనూ వేసవిలో ఊరెళితే డిస్పోజబులే వాడతాను. కాకపోతే వాడినదాన్ని అలాగే తడి చెత్తలో పడేయకండి. కాగితంలో చుట్టి విడిగా ఇవ్వాలని ఘన వ్యర్థాల నియమాల్లోనే ఉంది. చెత్త బండి అబ్బాయి చేత్తో ఏరుతాడు పాపం.

లీడ్స్_లావణ్య
ఇక్కడ యూకేలో వీటిని రీయూజబుల్ నాపీలంటారు. నాకు బాగా పనికొచ్చింది నాపీ లైబ్రరీ, చాలా ఊళ్ళలో ఉంటాయి. కొద్దిపాటి అద్దెకో డిపాజిట్‌కో రకానికి ఒకటి చొప్పున కిట్ ఇస్తారు, కొన్ని వారాలు వాడి తిరిగిచ్చేయొచ్చు. మా వాడి తొడలు సన్నం, నేను మనసు పడిన రకం వాడికి అస్సలు కుదరలేదు, కుదరదనుకున్నదే సరిపోయింది. కొన్ని కౌన్సిళ్ళు కొనడానికి వోచర్లు కూడా ఇస్తాయి. మన దగ్గర అలాంటివి లేకపోతే కనీసం స్నేహితుల దగ్గర ఒకటి అడిగి తొడిగి చూసి కొనండి.

పర్యావరణం కోసమనుకునే వాళ్ళకి ఒక మాట. ఇక్కడి ప్రభుత్వ శాఖ డెఫ్రా 2023లో ఇచ్చిన నివేదికలో గుడ్డ నాపీల కార్బన్ భారం డిస్పోజబుల్స్ కన్నా సుమారు 25 శాతం తక్కువని తేలింది. అయితే ఆ భారంలో ఎక్కువ భాగం ఉతకడానికి, ఆరబెట్టడానికి అయ్యే కరెంటుదే. మెషిన్ నిండా వేసి, డ్రయ్యర్ మాని, తీగ మీద ఆరేస్తేనే ఫలితం. మీకు ఎండ ఊరికే వస్తోంది, మాకు ఇక్కడ ఎండ కనపడితే సెలవు పెట్టాలనిపిస్తుంది.

వార్డు_సిస్టర్
పిల్లల వార్డులో పని చేస్తాను. గుడ్డదైనా డిస్పోజబులైనా ర్యాష్ వచ్చేది ఎక్కువగా తడిలో ఎక్కువసేపు ఉంచడం వల్లే. గుడ్డదైతే పగలు రెండు మూడు గంటలకోసారి మార్చండి, మోషన్ అయితే వెంటనే. పైన ఒంటికి పొడిగా అనిపించే స్టే డ్రై పొర ఉంటే తడి తెలియదు, దాంతో పిల్ల ఏడవదు, మనమూ మర్చిపోతాం, అందుకే గడియారం చూసి మార్చడం మంచిది. పౌడర్ వద్దు, ఎంత చెప్పినా వేస్తూనే ఉంటారు, అది గాల్లో లేచి పిల్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. జింక్ క్రీమ్ రాస్తే మధ్యలో పల్చటి గుడ్డ లైనర్ వేయండి, లేకపోతే ఆ జిడ్డు ఇన్సర్టుకి పట్టి పీల్చడం తగ్గిపోతుంది. మడతల్లో ఎర్రగా అయి చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే అది ఫంగస్ కావచ్చు, క్రీములు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించండి.

తొడిగాక ఒకసారి చూడండి, మోకాళ్ళు కప్ప కాళ్ళలా వంగి పక్కలకి తెరుచుకోవాలి. కాళ్ళు రెండూ చాపి బిగించి చుట్టేస్తే తుంటి కీళ్ళకి మంచిది కాదు. నడుం దగ్గర రెండు వేళ్ళు దూరాలి, తొడ దగ్గర సందు ఉండకూడదు.

కొత్త తల్లులకి గుడ్డతో ఒక లాభం ఉంది, ఎన్నిసార్లు తడిపిందో స్పష్టంగా తెలుస్తుంది. ఐదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లు, అంతకన్నా ఎక్కువ తడుపుతుంటే పాలు చాలుతున్నాయని ధైర్యంగా ఉండొచ్చు. పాలు లేవని టెన్షన్ పడి డబ్బా పాలు మొదలెట్టేవాళ్ళకి నేను మొదట అడిగేది ఇదే.

బోరునీళ్ళ_బాధితుడు
నవ్య గారూ, మీ నీళ్ళ గురించి ఎవరూ పట్టించుకోలేదు, అక్కడే ఉంది అసలు కథ. మాదీ బోరే. ఉప్పు నీళ్ళలో సబ్బు సరిగా పని చేయదు, ఖనిజాలూ సబ్బూ కలిసి పోగుల మధ్య పేరుకుంటాయి. కొన్నాళ్ళకి ఇన్సర్టు గట్టిగా అట్టలా తయారవుతుంది, నీళ్ళు పోస్తే పీల్చకుండా పక్కకి జారిపోతాయి, పిల్ల ఒక్కసారి తడపగానే కళ్ళు మండేంత అమ్మోనియా వాసన. అప్పుడు జనం సబ్బు తగ్గిస్తారు, అది ఇంకా తప్పు. మెత్తని నీళ్ళకన్నా ఎక్కువ డిటర్జెంట్ కావాలి, నీళ్ళని మెత్తబరిచే పౌడర్ కూడా కలపాలి. నల్లా నీళ్ళు వచ్చే రోజు ఉంటే డైపర్లకి అవి వాడండి.

ఫాబ్రిక్ కండిషనర్ మాత్రం దగ్గరకి రానివ్వద్దు. ఆ సువాసన పోగుల మీద జిడ్డు పూతలా పట్టి నీళ్ళని తోసేస్తుంది. యాంటిసెప్టిక్ లోషన్లో రాత్రంతా నానబెట్టడం కూడా వద్దు, ఎలాస్టిక్ పోతుంది, పిల్ల చర్మానికీ పడదు. మోషన్ ఉంటే టాయిలెట్లోకి దులిపి హెల్త్ ఫాసెట్‌తో కొట్టేసి, చిల్లుల బుట్టలో పొడిగా ఉంచండి. రోజు విడిచి రోజు మొదట చల్లటి నీళ్ళతో ఒక రౌండు, తర్వాత నలభై డిగ్రీల్లో పూర్తి రౌండు. మెషిన్ మూడొంతులు నిండాలి, కొన్ని మాత్రమే వేస్తే అవి ఒకదానికొకటి రాసుకోవు, మురికి పోదు.

నా బాధ కూడా చెప్పుకోనివ్వండి. ఆన్‌లైన్లో పదిహేను పీసుల కాంబో తక్కువకి వచ్చిందని కొన్నాం, కొన్ని వారాల్లోనే లోపలి పొర పొట్టు రాలినట్టు ఊడిపోయింది. అడిగితే "వేడి నీళ్ళలో ఉతికారు" అన్నారు. ఉతకలేదు. ఫొటోలు పంపినా జవాబు లేదు. పేరు రాయను గానీ, వారంటీ ఎన్నాళ్ళు, దేనికి వర్తిస్తుంది అనేది కొనకముందే చదవండి.

రెండో_కాన్పు
అవును, కాంబోలు వద్దు. రెండు మూడు రకాలు ఒక్కోటి కొని నాలుగు వారాలు వాడి చూడండి.

కరీంనగర్_కోడలు
వానాకాలం ముచ్చట కూడ చెప్పాలె. కవరుకే ఇన్సర్టు కుట్టేసిన ఆల్ ఇన్ వన్ రకం మస్తు సులువు, తొడిగితే అయిపోతది, కానీ ముసురు పడితే రెండు రోజులైనా ఆరదు. విడదీసి ఆరేసేదే కొనుక్కోరి. ఇంకా మంచిది, పెద్ద పల్చటి చదరం గుడ్డని మడిచి ఇన్సర్టు లెక్క కవరుల పెట్టుడు. విప్పితే ఒకటే పొర, ఫ్యాన్ కింద గూడ ఆరిపోతది.

కుట్టుమిషన్_కల్పన
సరిగ్గా చెప్పారు. ఆరేసేటప్పుడు కవర్లని నీడలో, ఇన్సర్టుల్ని ఎండలో. మరకలకి ఎండకి మించిన మందు లేదు, తడిగా ఉండగానే ఎండలో పడేస్తే పసుపు మరక దానంతటదే పోతుంది. తడి డైపర్‌ని ఎలాస్టిక్ పట్టుకుని వేలాడదీయొద్దు, బరువుకి సాగిపోతుంది, తీగ మీద అడ్డంగా వేయండి. ఇస్త్రీ పెట్టె అస్సలు వద్దు.

నిజాంపేట_నవ్య
అత్తయ్యగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను, ఆవిడ మొదటి పోస్టు దగ్గరే ఆపి "చూశావా" అన్నారు. నాలుగు మల్లు పంచెలు, ఆరు నూలు చీరలు దిగాయి, చుక్క నీళ్ళ పరీక్షలో రెండు చీరలు పోయాయి.

నా లెక్క ఇది: మొదటి నెలన్నర గుడ్డ ముక్కలు, నాడాల లంగోటీలు. ఈలోగా బటన్ల కవర్లు రెండు రకాలు, ఒక్కోటి ఒకటి తెప్పించి పక్కన పెడతాను. పాప ఐదు కిలోలు దాటాక తొడిగి చూసి, కుదిరినదాన్లో మిగతావి. పగలు ఇంట్లో, రోజు విడిచి రోజు ఉతుకు అంటే మొత్తం ఎన్ని?

నాన్న_నైట్_డ్యూటీ
ఆ వయసులో రోజుకి ఏడెనిమిది మార్పులు వేసుకోండి. రెండు రోజులకి పదహారు ఇన్సర్టులు, ఆరేవి ఆరుతుంటాయి కాబట్టి ఇంకో ఆరు. కవర్లు అన్ని అక్కర్లేదు, మోషన్ అంటకపోతే తుడిచి, ఇన్సర్టు మార్చి మళ్ళీ వాడొచ్చు, ఎనిమిది చాలు. పాకెట్ రకమైతే ఈ లెక్క కుదరదు, అందులో కవరు కూడా ప్రతిసారీ తడుస్తుంది, ఇరవై దాకా కావాలి. ఖర్చులో అసలు తేడా అక్కడే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత రేటు ఇంకా చూపిస్తుంటే అడగండి.

నిజాంపేట_నవ్య
అయితే కవరు, చదరం గుడ్డ పద్ధతే. గుడ్డ కూడా కొత్తది కొని కుట్టించుకుంటే? ఏ బట్ట అడగాలి?

కుట్టుమిషన్_కల్పన
నూలు మస్లిన్ గానీ, చిన్న చిన్న చుక్కల్లాంటి అల్లిక ఉండే బర్డ్స్ ఐ నేత గానీ అడగండి, రంగు వేయనిది. మాకు విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో దొరుకుతుంది, మీకు సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అడిగి చూడండి. డెబ్బై సెంటీమీటర్ల చదరం కావాలి, ఉతికాక కుంచించుకుపోతుంది కాబట్టి ఎనభై కత్తిరించండి, లేదంటే ముందే ఉతికి తర్వాత కత్తిరించండి. అంచుకి సన్నగా ఒక్క మడతే, లావు కుట్టు వేయిస్తే ఆరదు, ఒరుసుకుంటుంది. కొలతలు పంపితే నేనూ కుట్టి పంపగలను గానీ మీ వీధి చివర టైలర్‌కి కూడా ఇది అరగంట పని.